ఆటిజం: పైకి బాగానే ఉన్నవారికే ఎక్కువ ముప్పు

ఆటిజం అనగానే మన కళ్లముందు మెదిలేది మూడేళ్ల పసివాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, కళ్లలోకి చూడడు, బొమ్మకారును బోర్లించి చక్రాలు తిప్పుకుంటూ గంటలు గడిపేస్తాడు. థెరపీ సెంటర్ల బోర్డుల మీద, అవగాహన ర్యాలీల బ్యానర్ల మీద కనిపించేదీ ఆ పసివాడి బొమ్మే. అదే పిల్లవాడికి పాతికేళ్లు వచ్చాక ఎలా ఉంటాడన్నది మాత్రం ఏ బోర్డు మీదా కనిపించదు. ఆటిజం వయసుతో పాటు పోయేది కాదు. ఆ మాటకొస్తే అది జబ్బే కాదు, మెదడు ఎదిగే తీరులో పుట్టుకతో ఉండే తేడా. ప్రపంచంలో దాదాపు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో చాలామంది పెద్దవాళ్లే. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, బ్యాంకు గుమస్తాలు, గృహిణులు, పెళ్లిళ్లకూ పేరంటాలకూ రాని మేనమామలు, బంధువులంతా ‘అదో రకం మనిషిలే’ అని వదిలేసిన అత్తయ్యలు... వీరిలో ఎందరికో తమకు ఆటిజం ఉందన్న సంగతి కూడా తెలియదు.

ఇలాంటివారిలో ఆత్మహత్య ముప్పు ఎంత, దాన్ని తగ్గించడానికి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి, మన దగ్గర ఎంతవరకు వచ్చాం, ఇంట్లో మనం చేయగలిగేదేమిటి అన్నదే ఈ వారం విషయం. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు చదవడం కష్టంగా ఉండవచ్చు. భయపెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. ఈ ముప్పుకు కారణాల్లో చాలావరకు మార్చగలిగినవే. అందుకే రాస్తున్నాను.

లెక్కలు చెబుతున్నదేమిటి?

స్వీడన్‌లో పుట్టుక నుంచి చావు దాకా ప్రతిదీ ప్రభుత్వ రికార్డుల్లో ఉంటుంది. ఆ రికార్డుల ఆధారంగా ఆటిజం ఉన్న 27,122 మందిని మిగతా జనాభాతో పోల్చిన పరిశోధన 2016లో వచ్చింది. ఆత్మహత్యతో మరణించే ముప్పు వారిలో ఏడున్నర రెట్లు ఎక్కువని తేలింది. డెన్మార్క్ రికార్డులతో 2021లో వచ్చిన అధ్యయనంలో అది మూడు రెట్లకు పైగా ఉంది. దేశాన్ని బట్టి, లెక్కగట్టే పద్ధతిని బట్టి అంకె మారుతోంది. ముప్పు ఎక్కువన్న సంగతి మాత్రం మారలేదు.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో, పెద్దవయసులో కొత్తగా ఆస్పర్జర్స్ (తెలివితేటలు, మాట బాగానే ఉండే ఆటిజానికి అప్పట్లో పెట్టిన పేరు) నిర్ధారణ అయిన 374 మందిని అడిగి చూశారు. 66 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు చనిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నారు. 35 శాతం మంది అందుకు ప్రణాళిక వేసుకోవడమో, ప్రయత్నించడమో చేశారు. ఇది 2014 నాటి మాట. ‘ఆటిజం వాళ్లకు ఇలాంటి ఆలోచనలేం ఉంటాయి, వాళ్ల లోకం వాళ్లది’ అని వైద్యుల్లోనూ చాలామంది అనుకునేవారు. ఆ అపోహకు పెద్ద దెబ్బ కొట్టిన అధ్యయనం ఇది.

ఈ లెక్కల్లో తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. ముప్పు ఎక్కువగా ఉన్నది మాటలు రాని, పూర్తిగా ఇతరుల మీద ఆధారపడిన పిల్లల్లో కాదు. బుద్ధిమాంద్యం లేనివాళ్లలో, చదువుకున్నవాళ్లలో, పైకి చూస్తే ‘బాగానే ఉన్నాడు కదా’ అనిపించేవాళ్లలో. ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డెన్మార్క్ అధ్యయనంలో ఆటిజం ఉన్న స్త్రీలలో ఆత్మహత్యా ప్రయత్నాలు ఆటిజం ఉన్న పురుషులలో కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. అదే అధ్యయనంలో ధైర్యాన్నిచ్చే మాట కూడా ఒకటుంది. ప్రయత్నించినవారిలో పదింట తొమ్మిది మందికి డిప్రెషన్, ఆందోళన వంటి మరో మానసిక సమస్య ఉంది. అంటే వైద్యం చేయదగ్గ సమస్య అక్కడ కళ్లెదుటే ఉందన్నమాట.

రోజంతా నటన

బాగా ఉన్నట్టు కనిపించేవాళ్లకే ముప్పు ఎందుకు ఎక్కువ? ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఇంటర్ చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి. మెస్‌లో కంచాల చప్పుడు ఆమె చెవుల్లో గుచ్చుకుంటుంది. ట్యూబ్‌లైట్ వణుకు కూడా ఆమెకు తెలుస్తుంది. స్నేహితురాళ్లు నవ్వితే ఎందుకు నవ్వారో అర్థం కాదు, కానీ నవ్వకపోతే వెక్కిరిస్తారని నవ్వడం నేర్చుకుంది. ఎదుటివాళ్ల కళ్లలోకి ఎన్ని సెకన్లు చూడాలో, ఎప్పుడు తల ఊపాలో మనసులో లెక్కపెట్టుకుంటుంది. వేళ్లు ఆడించాలనిపిస్తే చున్నీ కింద దాచుకుంటుంది. దీన్ని నిపుణులు ‘మాస్కింగ్’ అంటారు, ముసుగు వేసుకోవడం. లెక్చరర్లకు ఆమె నెమ్మదస్తురాలు. ఇంట్లోవాళ్లకు బుద్ధిమంతురాలు. రాత్రి పది గంటలకు గదిలోకి వచ్చేసరికి ఆ అమ్మాయిలో శక్తి అంటూ మిగలదు.

ఇలా ఏళ్ల తరబడి సాగితే ఏదో ఒకరోజు శరీరమూ మనసూ రెండూ చేతులెత్తేస్తాయి. నిన్నటిదాకా చేసిన పనులు ఇవాళ చేయలేరు. స్నానం, తిండి, మాట కూడా భారమవుతాయి. ముసుగు ఎంత ఎక్కువగా వేసుకుంటే చనిపోవాలన్న ఆలోచనలు అంత ఎక్కువగా ఉంటున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. ‘చూశారా, మా అమ్మాయి ఎంత మారిపోయిందో, ఆటిజం ఉందంటే ఎవరూ నమ్మరు’ అని తల్లిదండ్రులు సంబరంగా చెప్పినప్పుడు నాకు ముందు కలిగేది సంతోషం కాదు. ఆ మార్పు కోసం ఆ పిల్ల ఏం ఖర్చు పెడుతోందోనని అనుమానం.

రెండో కారణం, ‘నేను భారం’ అన్న భావన. ఆత్మహత్యల మీద పరిశోధనలు చేసేవారు ఎప్పటినుంచో చెబుతున్న మాట ఇది: తాను ఎవరికీ చెందననీ, తనవాళ్లకు తాను బరువనీ అనుకునే మనిషి ప్రమాదంలో ఉన్నట్టే. ఇప్పుడు మన ఇళ్లలో, మన ఓపీల్లో వినిపించే మాటలు గుర్తు చేసుకోండి. ‘మా తర్వాత వీడి గతేంటి డాక్టర్ గారూ?’ ‘వీడి కోసమే రెండో సంతానం వద్దనుకున్నాం.’ ‘మా ఆవిడ ఉద్యోగం మానేసింది వీడి వల్లే.’ కడుపుకోతతో అనే మాటలే, కాదనను. కానీ ఆ మాటలనేటప్పుడు పిల్లవాడు పక్క కుర్చీలోనే ఉంటాడు. గోడవైపు చూస్తుంటాడు కాబట్టి వినడం లేదనుకుంటాం. వింటాడు. అక్షరాలా, ఉన్నది ఉన్నట్టుగా అర్థం చేసుకుంటాడు. ‘వీడి వల్లే’ అన్న మాట వెనకున్న ప్రేమ మనకు తెలుస్తుంది, వాడికి ఆ మాట మాత్రమే అందుతుంది. మీకు చెప్పుకోవాల్సిన బాధ ఉంటే డాక్టరుతో విడిగా చెప్పండి. పిల్లవాడిని కాసేపు బయట కూర్చోబెట్టమని మీరే అడగవచ్చు.

వీటికి తోడు బడిలో ఏడిపింపులు, ఉద్యోగం రాకపోవడం, వచ్చినా నిలవకపోవడం, పెళ్లి సంబంధాల తతంగం. వీటిని విడమర్చి చెప్పనవసరం లేదు, మీకు తెలిసినవే.

ఆసుపత్రిలో అడిగే ప్రశ్నే తప్పయితే

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, సైకియాట్రిస్టును కాను. తనకు తాను హాని చేసుకున్నవారు ముందు వచ్చేది మాలాంటివాళ్ల వార్డుకే. ప్రాణం కాపాడటం మా పని. గండం గడిచాక డిశ్చార్జికి ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాం. ‘ఇప్పుడెలా అనిపిస్తోంది? మళ్లీ ఇలా చేయాలనిపిస్తోందా?’ అందరికీ అవే ప్రశ్నలు. ఆటిజం ఉన్నవారి దగ్గర అవి పనిచేయకపోవచ్చు.

ఎందుకంటే, ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి తమ లోపలి భావాన్ని గుర్తించి దానికి పేరు పెట్టడం కష్టం. ‘ఎలా అనిపిస్తోంది’ అంటే ‘తెలియదు’ అంటారు. అది మొండితనం కాదు, నిజంగానే తెలియదు. ‘మళ్లీ చేయాలనిపిస్తోందా’ అంటే ‘లేదు’ అంటారు. ఈ క్షణంలో అనిపించడం లేదు కాబట్టి ఆ జవాబు నిజమే. రేపటి గురించి మీరు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ముఖంలో దుఃఖం కనిపించదు, గొంతు మామూలుగానే ఉంటుంది. చచ్చిపోవాలనుకుంటున్నానన్న మాటను కూడా బస్సు టైము చెప్పినట్టు చెబుతారు. కళ్లనీళ్లు కనిపిస్తేనే బాధ అనుకునే మనకు అది నాటకంలా తోస్తుంది. మరోవైపు వార్డులోని వెలుతురు, అరుపులు, మానిటర్ల మోత, ఒకేసారి నలుగురు మీదపడి అడిగే ప్రశ్నలు. వాటికి తట్టుకోలేక చెవులు మూసుకుని అరిస్తే ‘సహకరించడం లేదు’ అని కేస్‌షీట్‌లోకి ఎక్కుతుంది.

బ్రిటన్ పరిశోధకులు ఆటిజం ఉన్నవారినే కూర్చోబెట్టి, అందరికీ వాడే ఆత్మహత్యా ముప్పు ప్రశ్నావళిని వారి చేత చదివించారు. ‘భవిష్యత్తులో మీరు ప్రయత్నించే అవకాశం ఎంత?’ అన్న ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోయారు. ఏ పరిస్థితిలో, ఎప్పుడు అని చెప్పకుండా అవకాశం ఎంతో ఎలా చెప్పాలి? ‘ఈ ఆలోచన ఎవరితోనైనా చెప్పారా?’ అన్నది మరో ప్రశ్న. చెప్పారంటే ముప్పు ఎక్కువని మార్కులు వేస్తారు. చెప్పుకోవడానికి మనిషే లేనివారు ‘లేదు’ అంటారు, వారికి ముప్పు తక్కువని లెక్క వస్తుంది! ఆ లోపాలన్నీ సవరించి, వారి సలహాలతోనే కొత్త ప్రశ్నావళి తయారుచేసి 2021లో ప్రచురించారు. చిన్న విషయంలా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన మేలైన పనుల్లో ఇదొకటి.

ఇంగ్లండ్ ప్రభుత్వం చేసింది

ప్రభుత్వపరంగా ఈ విషయంలో ముందడుగు వేసిన దేశం ఇంగ్లండ్. అక్కడ ఆటిజం ఒక్కదాని కోసమే 2009లో ఒక చట్టం చేశారు. విశేషమేమిటంటే అది ప్రధానంగా పెద్దవాళ్ల కోసం. ఆటిజం ఉన్న వయోజనుల అవసరాలకు ప్రభుత్వం ఒక వ్యూహం రాసి తీరాలని ఆ చట్టం నిర్దేశించింది. 2021లో ఆ వ్యూహాన్ని పిల్లలకూ విస్తరించారు. మనం పిల్లలతో మొదలుపెట్టి పిల్లల దగ్గరే ఆగిపోతే, వాళ్లు పెద్దలతో మొదలుపెట్టి పిల్లల దాకా వచ్చారు.

2023 సెప్టెంబరులో ఇంగ్లండ్ ప్రభుత్వం ఐదేళ్ల ఆత్మహత్యల నివారణ వ్యూహాన్ని ప్రకటించింది. ప్రత్యేక శ్రద్ధ పెట్టాల్సిన వర్గాల జాబితాలో పిల్లలు, యువత, మధ్యవయసు పురుషులు, గర్భిణులు, కొత్త తల్లులు, గతంలో తమకు తాము హాని చేసుకున్నవారితో పాటు ఆటిజం ఉన్నవారిని కూడా పేరు పెట్టి చేర్చారు. పేరు రాస్తే ఏమొస్తుందని అడగవచ్చు. ప్రభుత్వ యంత్రాంగంలో పనిచేసేవాడిగా చెబుతున్నాను. జాబితాలో పేరు లేని సమస్యకు నిధులుండవు, శిక్షణ ఉండదు, నివేదికలో గడి ఉండదు. పేరుంటే కనీసం ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందని ఎవరైనా అడుగుతారు.

మరో అడుగు సిబ్బంది శిక్షణ. ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ల కుర్రాడికి ఆటిజం, మూర్ఛ ఉండేవి. అతడికీ తల్లిదండ్రులకూ ఇష్టం లేకపోయినా ఇచ్చిన ఒక మానసిక వైద్య మందు వికటించి 2016లో చనిపోయాడు. ఇది ఆత్మహత్య కాదు. కానీ ఆటిజం ఉన్న మనిషి మాటను ఆసుపత్రులు వినకపోతే ఏమవుతుందో ఆ మరణం చూపించింది. తల్లి పట్టువదలని పోరాటంతో 2022 నాటి చట్టం ప్రకారం ఆరోగ్య, సంరక్షణ సిబ్బందికి ఆటిజం గురించిన శిక్షణ తప్పనిసరైంది. ప్రభుత్వం సిఫారసు చేసే శిక్షణకు ఆ కుర్రాడి పేరే పెట్టారు. మన తెలుగు డాక్టర్లు, నర్సులు ఎందరో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు, ఈ శిక్షణ గురించి వారికి తెలిసే ఉంటుంది. సెలవులకు వచ్చినప్పుడు మన కాలేజీల్లో ఒక గంట పాఠం చెబితే బాగుంటుంది.

2025 ఏప్రిల్‌లో అక్కడి ఆరోగ్య సేవల సంస్థ మరో మార్గదర్శకం ఇచ్చింది. రోగులను ‘తక్కువ ముప్పు, మధ్యస్థం, ఎక్కువ’ అని మార్కులు వేసి విడగొట్టడం మానేయండి, ఆ మనిషితో కూర్చుని అతడి పరిస్థితికి తగ్గ భద్రతా ప్రణాళిక రాయండి అని. ఎందుకంటే తక్కువ ముప్పు అని రాసినవారిలోనే మరణాలు సంభవిస్తున్నాయి. ఆటిజం ఉన్నవారి కోసం మార్చి రాసిన భద్రతా ప్రణాళికను కూడా అక్కడి విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆటిజం ఉన్నవారితో కలిసి రూపొందించి పరీక్షించారు.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనుకోకండి. ఆటిజం నిర్ధారణ కోసం ఎదురుచూస్తున్నవారి సంఖ్య ఇంగ్లండ్‌లో 2024లోనే 2 లక్షలు దాటింది. మూడు నెలల్లో పరీక్ష మొదలవ్వాలన్నది నియమం, చాలామందికి అంతకు ఎన్నో రెట్లు పడుతోంది. ఇక్కడో విషయం చెప్పాలి. ఇంగ్లండ్‌లోని రెండు ప్రాంతాల్లో ఆత్మహత్యతో మరణించిన 372 మంది విచారణ పత్రాలను పరిశోధకులు చదివారు. 10.8 శాతం పత్రాల్లో ఆటిజం లక్షణాల ఆనవాళ్లున్నాయి. జనాభాలో ఆటిజం ఉన్నవారి వాటాతో పోలిస్తే ఇదే చాలా ఎక్కువ. తర్వాత 29 కుటుంబాలతో కూర్చుని మాట్లాడితే 41 శాతం మందిలో ఆ లక్షణాలు బయటపడ్డాయి. ఈ సంఖ్య చిన్నది, దీనిమీద పెద్ద తీర్పులు చెప్పలేం. అయినా బతికుండగా గుర్తింపు అందనివారు ఎంతమంది ఉండవచ్చో అర్థమవుతుంది. అలాంటివారికి ‘ప్రాధాన్య వర్గం’ అన్న మాట ఎలా చేరుతుంది? ముందు తమది ఆ వర్గమని తెలియాలి కదా.

మన దగ్గర ఏముంది, ఏం లేదు?

చట్టాల మాటకొస్తే మనం వెనకబడి లేము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్షించకుండా వైద్యం, పునరావాసం అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రయత్నాన్ని నేరంగా చూసే పాత 309 సెక్షన్ అసలు లేనే లేదు. అయినా మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది ఇప్పటికీ ‘పోలీసు కేసవుతుంది డాక్టర్ గారూ, ప్రమాదవశాత్తూ జరిగిందని రాయండి’ అని బతిమాలుతారు. అలా రాయిస్తే ఆ మనిషికి సైకియాట్రిస్టు సాయం అందే దారి మూసుకుపోతుంది. భయపడకండి. నిజం చెబితే మీ పిల్లలకు జైలు రాదు, వైద్యం వస్తుంది.

2022 నవంబరులో కేంద్రం తొలి జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహాన్ని ప్రకటించింది. 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. ఐదేళ్లలో ప్రతి జిల్లాలో ఆత్మహత్యల నివారణకు సేవలందించే సైకియాట్రీ ఓపీ ఉండాలనీ, ఎనిమిదేళ్లలో అన్ని విద్యాసంస్థల్లో మానసిక ఆరోగ్య పాఠ్యాంశాలు రావాలనీ అందులో ఉంది. అదే ఏడాది అక్టోబరులో టెలీ మానస్ హెల్ప్‌లైన్ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా, తెలుగులోనూ ఉచితంగా మాట్లాడతారు.

మరి ఆటిజం ఉన్నవారి సంగతి? జాతీయ నేర గణాంకాల బ్యూరో ప్రకారం 2023లో దేశంలో 1,71,418 మంది ఆత్మహత్యతో మరణించారు, వారిలో 13,892 మంది విద్యార్థులు. కారణాల పట్టికలో కుటుంబ సమస్యలు, అనారోగ్యం, అప్పులు, పరీక్షల్లో తప్పడం అన్నీ ఉంటాయి. ఆటిజానికి గడి లేదు. లెక్కించనిదాన్ని తగ్గించామో లేదో ఎవరు చెప్పగలరు?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షిస్తారు, జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. మంచి కార్యక్రమం. కానీ దాని చూపంతా ఆలస్యంగా నడిచే, ఆలస్యంగా మాట్లాడే పిల్లల మీదే. ముప్పు పెరిగేదేమో మాట బాగా వచ్చిన కౌమారంలో, యవ్వనంలో. పందొమ్మిదేళ్లకు పరీక్షించుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలో చాలామందికి తెలియదు. ప్రభుత్వ వైద్య కళాశాలల సైకియాట్రీ విభాగాలు, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అడగవచ్చు. సర్టిఫికెట్ విషయంలోనూ ఇదే తంటా. బాగా మాట్లాడే, డిగ్రీ ఉన్న మనిషి వస్తే ‘నీకేం, బాగానే ఉన్నావుగా’ అనేస్తాం. ముసుగు ఎంత బాగా కుదిరితే సాయం అంత దూరం.

ఈ మధ్య వచ్చిన మంచి మార్పు సుప్రీంకోర్టు నుంచి వచ్చింది, అదీ మన విశాఖపట్నం కేసులో. అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసు విచారిస్తూ, 2025 జులైలో కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో ఉండి తీరాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం కూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. వైకల్యం ఉన్న విద్యార్థులతో సున్నితంగా వ్యవహరించడం కూడా సిబ్బంది నేర్చుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. మీ పిల్లల్ని చేర్చే కార్పొరేట్ కాలేజీలో ఏసీ ఉందా, మెస్ బాగుందా అని అడిగేటప్పుడే ‘కౌన్సెలర్ ఎవరు? ఆటిజం గురించి తెలుసా?’ అని కూడా అడగండి. పదిమంది తల్లిదండ్రులు అడిగితే పదకొండోవాళ్లు అడిగేలోగా ఆ కుర్చీలో మనిషి ఉంటారు.

ఇంట్లో గమనించాల్సినవి

డిప్రెషన్ అంటే దిగులు ముఖం అనుకుంటాం. ఆటిజం ఉన్నవారిలో దాని రూపు వేరు. ఎంతో ఇష్టంగా చేసే పని, రైళ్ల టైమ్‌టేబుల్ కావచ్చు, క్రికెట్ స్కోర్లు కావచ్చు, బొమ్మలు వేయడం కావచ్చు, ఉన్నట్టుండి మానేస్తే అది పెద్ద హెచ్చరిక. ‘పీడా పోయింది, ఆ పిచ్చి వదిలింది’ అని సంతోషించకండి. నిద్ర తారుమారవడం, వచ్చిన పనులు మరిచిపోయినట్టవడం, తల గోడకు కొట్టుకోవడం వంటివి కొత్తగా మొదలవడం లేదా పెరగడం, మాట తగ్గిపోవడం, చావు గురించి పదేపదే అడగడం గమనించండి. కొందరు మరణం గురించి కేవలం ఆసక్తితో అడుగుతారు నిజమే. ఏదో తేల్చుకోవాలంటే అడగడమొక్కటే దారి.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది వెనకాడతారు. అది నిజం కాదని పరిశోధనలు తేల్చాయి. అయితే అడిగే తీరు ముఖ్యం. ‘ఏదైనా చేసుకుంటావా ఏంటి?’ లాంటి చాటు మాటలు వద్దు. ‘ఈ వారంలో చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎన్ని రోజులు వచ్చింది?’ అని సూటిగా, కాలం చెప్పి అడగండి. మాట్లాడలేకపోతే కాగితం మీద రాయమనండి, పక్క గదిలోంచి వాట్సాప్ చేయమనండి. సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమన్నా, రంగు చూపించమన్నా సరే. జవాబుకు తొందరపెట్టకండి, కళ్లలోకి చూడమని ఒత్తిడి చేయకండి. నడుస్తూనో, స్కూటర్ మీద వెళ్తూనో అడిగితే కొందరికి చెప్పడం తేలిక. ‘ఔను’ అన్నారా, ఏడవకండి, తిట్టకండి, ‘మేమేం తక్కువ చేశాం’ అనకండి. చెప్పినందుకు మంచిపని చేశావనండి. ఇంట్లోని మందులు, పురుగుమందులు అన్నీ ఆ పూటే తాళంలో పెట్టండి. ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశాంతంగా ఉన్న రోజున ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాసుకోండి. ఏవి జరిగితే మనసు కుదురు తప్పుతుంది (అతిథులు, బాణసంచా, రొటీన్ మారడం), ఏవి కుదుటపరుస్తాయి (దుప్పటి, హెడ్‌ఫోన్స్, చీకటి గది, ఇష్టమైన వీడియో), ఆ సమయంలో ఏం చేయకూడదు (ముట్టుకోకూడదా, ప్రశ్నలు వేయకూడదా), ఎవరికి ఏ రకంగా కబురు పెట్టాలి. ఇది వాళ్ల మాటల్లో, వాళ్లే రాయాలి. ఒక కాపీ గదిలో, ఒకటి మీ ఫోన్లో ఉంచండి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అదే కాగితం డ్యూటీ డాక్టరుకు ఇవ్వండి. ‘ఆటిజం ఉంది, ఒక్కరే మాట్లాడండి, వీలైతే లైటు తగ్గించండి’ అని మొదటి మాటగా చెప్పండి. రద్దీ వార్డులో అన్నీ కుదరకపోవచ్చు. కానీ చెప్పకపోతే ఆ కాస్తా కుదరదు.

మందుల గురించి ఒక మాట. ఆటిజం స్వభావాన్ని పోగొట్టే మందు లేదు, ఉందని ఎవరైనా ప్యాకేజీ చెబితే నమ్మకండి. డిప్రెషన్‌కు, ఆందోళనకు మాత్రం మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి, పనిచేస్తాయి. ఆటిజం ఉన్న కొందరికి మామూలు మోతాదే దుష్ప్రభావాలు చూపుతుంది కాబట్టి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచమని డాక్టరును అడగండి. మొదటి కొన్ని వారాలు దగ్గరుండి గమనించండి, మీకు మీరుగా ఆపేయకండి.

14416 గురించి చివరగా ఒక సూచన. ఆటిజం ఉన్న చాలామందికి తెలియని మనిషితో ఫోన్లో మాట్లాడటం అన్నిటికన్నా కష్టం. వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు కూడా చేయవచ్చు. నంబరు కలవకపోతే 1800 891 4416 ప్రయత్నించండి. తెలుగు ఎంచుకుని, ముందుగా ‘మా అబ్బాయికి ఆటిజం ఉంది, ఫోన్లో మాట్లాడలేడు, నేను అడిగి చెబుతాను’ అనండి. అడిగిన ప్రశ్నను కాగితం మీద రాసి చూపించి, జవాబు రాసేదాకా లైన్లోనే ఉండమని వారిని కోరండి.